కిటికీలో కనిపించే ముఖం స్కాన్‌లో ఎందుకు లేదు?

ఫొటో సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మా నాన్నగారు బ్యాంకులో పనిచేసేవారు. 1988 నుంచి 1995 దాకా ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే కెమెరా తీసుకుని పాతబస్తీకి వెళ్లిపోయేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. బీరువాలో ఒక స్టీలు డబ్బా నిండా స్లైడ్లు (చిన్న చట్రాల్లో బిగించిన రంగు ఫిల్ము ముక్కలు) దొరికాయి, లెక్కపెడితే 340. చాలా మౌంట్ల (చట్రాల) మీద ఫుజీక్రోమ్ అని ఫిల్ము పేరు ఉంది. వీటి కోసమే ఎప్సన్ వి600 స్కానర్ కొన్నాను. కాగితం ఫొటోలు చక్కగా వస్తున్నాయి, స్లైడ్లే రావడం లేదు. పత్తర్‌గట్టి కమాను కింద అత్తరు అమ్ముతున్న ఒక ముసలాయన ఫొటో ఉంది. స్లైడ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఆయన ముఖం, గడ్డం, చేతిలో సీసా అన్నీ కనిపిస్తాయి. స్కాన్‌లో అక్కడ నల్లటి ముద్ద ఉంది. కంప్యూటర్‌లో వెలుగు పెంచితే ముఖం రాలేదు, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు, పొడుగాటి గీతలు వచ్చాయి. బయట రోడ్డేమో సున్నం కొట్టినట్టు తెల్లబడింది. స్లైడ్లు పాడయ్యాయా? ఇంకా ఖరీదైన స్కానర్ కొనాలా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. కిటికీ దగ్గర ముఖం కనిపిస్తోందన్నారు. కనిపిస్తోందంటే ఫిల్ములో ఉన్నట్టే. నాన్నగారి స్లైడ్లు పాడవలేదు, టెన్షన్ పడకండి. కొత్త స్కానర్ మాట కూడా ఇప్పుడే వద్దు.

కాగితం ప్రింటులో ఎంత గాఢమైన నలుపైనా దాని మీద పడిన వెలుగులో దాదాపు నూరో వంతు మన కంటికి తిరిగి వస్తుంది. స్లైడ్ సంగతి వేరు. చీకటి గదిలో, ప్రొజెక్టర్ బల్బు ముందు పెట్టి చూడడానికి తయారైన ఫిల్ము అది. అంత బలమైన వెలుగుని కూడా ఆపగలిగితేనే తెర మీద నలుపు నలుపుగా కనిపిస్తుంది. అందుకని స్లైడ్‌లో బాగా నల్లటి చోట, వెనకనుంచి వచ్చే వెలుగులో మూడు వేలో వంతు కూడా బయటికి రాదు. దీన్ని డెన్సిటీ అనే అంకెతో కొలుస్తారు. 1 అంటే పదో వంతు వెలుగు, 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు, 4 అంటే పదివేలో వంతు. ప్రింటులో నలుపు 2 దగ్గర ఆగిపోతుంది. రంగు స్లైడ్‌లో 3.5 దాటుతుంది. మీ వి600కి కంపెనీ చెప్పే అంకె 3.4. అన్నీ కుదిరినప్పటి అంకె అది. ఇంట్లో అంతకన్నా తక్కువే వస్తుందనుకుని పని మొదలుపెట్టాలి.

ముసలాయన ముఖం ఈ రెండు అంకెల మధ్య సరిహద్దులో ఉంది. అక్కడినుంచి స్కానర్ సెన్సర్‌కి చేరే వెలుగు ఎంత తక్కువంటే, సెన్సర్‌లో ఎప్పుడూ ఉండే విద్యుత్ గోలకీ, ఫొటో తాలూకు సంకేతానికీ తేడా తెలియదు. మీరు కంప్యూటర్‌లో వెలుగు పెంచినప్పుడు ఆ గోల కూడా పెరిగింది. రంగు చుక్కలు అవే. గీతలు స్కానర్ తల కదిలే దిశలోనే ఉన్నాయేమో చూడండి. మీది లాంటి అద్దం పలక స్కానర్‌ని ఫ్లాట్‌బెడ్ అంటారు, దాని సెన్సర్ ఒక సన్నటి వరస. ఆ వరసలో ఒక్కో గడి చీకట్లో ఒక్కోలా తప్పుతుంది. తల కదిలినంత మేరా అదే తప్పు సాగి గీత అవుతుంది.

రోడ్డు తెల్లబడడం వేరే తప్పు. ఎంత వెలుగు ఉండాలో సాఫ్ట్‌వేరే తేల్చే ఆటో ఎక్స్‌పోజర్ పెట్టి ఉంటారు. ఫొటోలో సగం చీకటి కనిపించేసరికి సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని వెలుగులోకి లాగింది. నీడలోకి ఏమీ రాలేదు, ఎండలో ఉన్నది పోయింది.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. చిక్కడపల్లిలో మా నాన్న స్టూడియోలో పద్దెనిమిదేళ్ల వయసునుంచి నేను స్లైడ్ ఫిల్ము కడిగాను. స్లైడ్లు కడిగే ఇ-6 పద్ధతిలో మొదటి డెవలపర్ (బొమ్మని తేల్చే రసాయనం) 38 డిగ్రీల దగ్గర నిలబడాలి, అర డిగ్రీ తేడా వస్తే రంగు మారిపోతుంది. మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్లే కాగిపోయి వచ్చేవి. ఐసు ముక్కలు వేసి చల్లార్చి వాడేవాళ్లం. అంత జాగ్రత్తగా కడిగిన నా సొంత స్లైడ్లని 2009లో ఫ్లాట్‌బెడ్ మీద, అన్నీ ఆటోలో పెట్టి స్కాన్ చేశాను. మూడు నెలలు పట్టింది. పని అయిపోయిందనుకుని డబ్బాలు అటక మీద పెట్టేశాను. ఐదేళ్ల తరవాత మా మనవరాలు ప్రొజెక్టర్ ఎలా ఉంటుందో చూపించమంటే దించి, గోడ మీద వేశాను. మా పాత ఇంటి వరండా ఫొటో వచ్చింది. ఎండలో అమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది. వెనక గుమ్మం చీకట్లో మా నాయనమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. స్కాన్‌లో ఆ గుమ్మం నల్లటి పలక. ఐదేళ్లపాటు ఆ ఫొటో కంప్యూటర్‌లో ఎన్నోసార్లు చూశాను, ఆవిడ అందులో ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆ రాత్రే అటక మీది డబ్బాలన్నీ దించాను.

కాబట్టి మీరు స్కానర్ ముందు కూర్చునే ముందు, 340 స్లైడ్లనీ వెనకనుంచి వెలుగిచ్చి ఒక్కొక్కటీ భూతద్దంతో చూడండి. తెల్లటి లైట్ ప్యానెల్ ఉంటే మంచిది, లేదంటే ట్యాబ్ తెర మీద తెల్ల పేజీ తెరిచి దానికి కాస్త ఎత్తులో పట్టుకున్నా చాలు. నీడలో ఎవరున్నారో, ఏముందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తరవాత ఏ స్కాన్ సరిగా వచ్చిందో తేల్చేది ఆ నోట్‌బుక్కే. మౌంట్ మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటే అది ఫిల్ము కడిగిన నెల. ఫొటో తీసింది అంతకు ముందు.

ఆ చూడడంలో స్లైడ్లు వాటంతటవే రెండు కుప్పలుగా విడిపోతాయి. మబ్బు పట్టిన రోజు తీసినవి, పొద్దుటి మెత్తటి వెలుగులో తీసినవి ఒక్క స్కాన్‌తో సరిపోతాయి. కమానులు, గల్లీలు, మిట్టమధ్యాహ్నం ఎండ ఉన్నవి రెండో కుప్ప. ఇది ముప్పయ్యో నలభయ్యో ఉంటుంది. కష్టమంతా దానికే పెట్టండి.

ఇక పని. స్కానర్ అద్దం మీద హోల్డర్ పెట్టాక, స్లైడ్ చుట్టూ ఎక్కడెక్కడ ఖాళీగా వెలుగు దూరుతోందో చూడండి. ఆ పక్క వెలుగు లోపలి అద్దాల్లో చెదిరి నీడల మీద పొగలా పరుచుకుంటుంది. సగం మందికి నీడలు పాడయ్యేది ఇక్కడే, సాఫ్ట్‌వేర్‌లో కాదు. నల్ల చార్టు కాగితం కత్తిరించి, స్లైడ్లు లేని గడులూ హోల్డర్ చుట్టుపక్కల ఖాళీలూ మూసేయండి. ఒక్క చోటు మాత్రం ముట్టుకోవద్దు. హోల్డర్ పై అంచు దగ్గర సన్నటి కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది. ప్రతి స్కాన్‌కి ముందు స్కానర్ తన వెలుగుని అక్కడ కొలుచుకుంటుంది. అది మూస్తే రంగులన్నీ తలకిందులవుతాయి, గీతలు పడతాయి. అద్దం పైన, మూతలోని లైటు పలక మీద మెత్తటి పొడిబట్టతో తుడవండి. అద్దం లోపలివైపు కూడా ఏళ్లు గడిచేకొద్దీ మసక పడుతుంది. స్కానర్ సెకండ్‌హ్యాండ్‌ది అయితే టార్చి ఏటవాలుగా వేసి చూడండి.

స్లైడ్ మీది దుమ్ముని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. చీర చెంగుతో అసలే తుడవకండి.

సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫెషనల్ మోడ్‌కి వెళ్లి, ఫిల్ము రకం దగ్గర పాజిటివ్ ఫిల్ము ఎంచుకోండి. రంగు 48 బిట్. 2400 డీపీఐ, అంటే అంగుళానికి 2400 చుక్కలు. ఫైలు టిఫ్, వివరం పోగొట్టకుండా దాచే రకం. ఆటో ఎక్స్‌పోజర్, షార్పెనింగ్, కలర్ రిస్టొరేషన్ లాంటివన్నీ తీసేయండి. దుమ్ము తీసే డిజిటల్ ఐస్ మాత్రం ఉంచుకోండి. అది పరారుణ కాంతితో దుమ్ముని వేరుగా చూస్తుంది, ఫుజీక్రోమ్‌కి బాగా పనిచేస్తుంది. డబ్బాలో కొడాక్రోమ్ స్లైడ్లు కూడా ఉంటే వాటికి నమ్మకంగా వాడలేం, ఆ ఫిల్ము పరారుణాన్ని కూడా కొంత ఆపుతుంది కాబట్టి అసలు గీతల్నే దుమ్మనుకుని చెరిపేస్తుంది. తర్వాత హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో కొండలా చూపే బొమ్మ) తెరిచి, నలుపు, తెలుపు కొసలు రెండూ కొండ పాదాలకి బయటే ఉండేలా జరపండి. స్కాన్ చప్పగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. అలాగే ఉండాలి, అందం తరవాత చేసుకోవచ్చు.

ఒక్కో ఫైలు 46 ఎంబీ దాకా వస్తుంది. 340కి 16 జీబీ. ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లో పట్టేదే, కాబట్టి జేపెగ్‌తో సరిపెట్టుకోవద్దు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, చీకటి భాగానికి అందులో దక్కేవి నాలుగైదు. వాటినుంచి ముఖం లాగలేం. 48 బిట్‌లో ఒక్కో రంగుకి 65,536 మెట్లు.

రెండో కుప్పకి వ్యూస్కాన్ గానీ సిల్వర్‌ఫాస్ట్ గానీ, ఈ స్కానింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒకటి కావాలి. రెండూ డబ్బు పెట్టి కొనాల్సినవే, కానీ కొత్త స్కానర్ కన్నా చాలా తక్కువ. వాటిలో మల్టీ ఎక్స్‌పోజర్ అని ఉంటుంది. ఒకసారి మామూలుగా, మరోసారి సెన్సర్‌ని ఎక్కువసేపు తెరిచి స్కాన్ చేసి, రెండో దాంట్లోంచి నీడల్ని, మొదటి దాంట్లోంచి ఎండని తీసుకుని కలుపుతుంది. అత్తరు సాయిబు ముఖం దొరికేది ఆ రెండో స్కాన్‌లోనే. కంప్యూటర్‌లో తరవాత వెలుగు పెంచడం వేరు, సెన్సర్‌కే ఎక్కువ వెలుగు తాగించడం వేరు. మొదటిదాంతో ఉన్నదే పెద్దదవుతుంది, రెండోదాంతో లేనిది వస్తుంది.

ఒకే చోటుని పదేపదే చదివించి సగటు తీసే మల్టీ శాంపిల్ కూడా ఉంటుంది. నాలుగుసార్లు చదివితే గోల సగానికి తగ్గుతుంది. పదహారుసార్లు చదివినా నాలుగో వంతుకే. ఫ్లాట్‌బెడ్ తల ప్రతిసారీ అదే చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా రాదు, పదహారుసార్లకి అంచులు మసకబారతాయి. అందుకని నేను నాలుగు దాటను.

మీకు ఓపిక ఉంటే రెండు స్కాన్లూ విడిగా దాచి, ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, ఏ భాగం ఏ స్కాన్‌నుంచి కనిపించాలో చెప్పే మాస్క్‌తో మీరే కలుపుకోవచ్చు. మధ్యలో స్లైడ్‌ని కదపకూడదు. ముఖాలున్న ఫొటోలకి నేను ఇలాగే చేస్తాను, నీడ ఎక్కడ మొదలవాలో యంత్రానికి వదలబుద్ధి కాదు.

ఇక్కడ ఒక మాట మీకు గట్టిగా చెప్పాలి. స్లైడ్ ఫిల్ము వెలుగునీ చీకటినీ ఐదారు స్టాపులకి (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) మించి ఒకేసారి పట్టుకోలేదు. నెగెటివ్‌కి ఉన్నంత వెసులుబాటు దీనికి లేదు. అది తెలిసినవాళ్లు ఎండకి కొలిచి తీసేవాళ్లు, నీడని నీడకే వదిలేసేవాళ్లు. మా నాన్న నాకు నేర్పిందీ అదే. పత్తర్‌గట్టి కమాను కింద మీ నాన్నగారు వెలుగు కొలిచే మీటరు చూసుకున్నప్పుడు ఎంత చీకటి ఉండాలో ఆయన ఒక లెక్క వేసుకునే ఉంటారు. రెండు స్కాన్లు కలిపాక కమాను లోపలి గోడ, అటక మీది పెట్టెలు, మూల చీపురు అన్నీ పగటివెలుగులో ఉన్నట్టు బయటికి లాగగలరు. లాగకండి. ముఖం, గడ్డం, సీసా మెరుపు కనిపించేంత చాలు. చుట్టూ చీకటి ఉండనివ్వండి. స్లైడ్‌ని పక్కనే లైట్ ప్యానెల్ మీద పెట్టుకుని, తెరనీ దాన్నీ మార్చిమార్చి చూస్తూ దిద్దండి. నీడల్లో కాస్త నీలం కనిపిస్తే భయపడకండి, నీడలోకి వచ్చేది ఆకాశపు వెలుగు కాబట్టి స్లైడ్ దాన్ని నిజాయితీగా చూపిస్తుంది.

ఆ ముసలాయన ముఖం వచ్చాక నాకొక ప్రతి పంపిస్తారా? 1990లలో ఆ కమానుల కిందనుంచి నేనూ చాలాసార్లు నడిచాను.

ప్రశ్న: నా స్కానర్ 6400 డీపీఐ. కానీ 2400లో చేసిన స్కాన్‌కీ 6400లో చేసినదానికీ తేడా ఏమీ కనిపించడం లేదు. బుద్ధ విగ్రహం నిలబెట్టిన కొత్తలో, 1992 డిసెంబర్‌లో మామయ్య ట్యాంక్‌బండ్ మీదనుంచి తీసిన స్లైడ్ అది. గోడకి పెద్దది చేయించాలని ఉంది.
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తేడా కనిపించకపోవడం సహజం బాబూ. 6400 అనేది సెన్సర్ ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో చెప్పే అంకె. ముందున్న లెన్సు అంత సన్నగా చూడలేదు. ఈ తరగతి ఇంటి స్కానర్లలో నిజంగా విడిపడే వివరం సుమారు 1600 దగ్గర ఆగిపోతుంది, ఖరీదైన వి850 లాంటివాటిలో 2300 దాకా వెళ్తుంది. 2400లో చేస్తే 24 × 36 మిల్లీమీటర్ల స్లైడ్‌నుంచి 2268 × 3402 చుక్కలు వస్తాయి. 8 × 12 అంగుళాల ప్రింటుకి సరిపోతాయి. అంతకన్నా పెద్దది కావాలంటే ఆ ఒక్క స్లైడ్‌ని డ్రమ్ స్కానర్ గానీ ప్రత్యేక ఫిల్ము స్కానర్ గానీ ఉన్న చోట ఇవ్వు. ఇచ్చేటప్పుడు 48 బిట్ టిఫ్ కావాలని కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాటగా చెప్పి ఇస్తే ఒకసారి నాకు అంచులు కత్తిరించిన జేపెగ్‌లు చేతిలో పెట్టారు.

ఎండలో తెల్లటి విగ్రహం, చుట్టూ చీకటి నీళ్లు. నీ ఫొటోలో కాపాడాల్సింది నీళ్లని కాదు, రాతిని. ముఖం మీద, భుజం మడతల మీద తెలుపు ఒక్కచోట కూడా పూర్తిగా ఎగిరిపోకుండా స్కాన్ చెయ్యి.

ప్రశ్న: వానాకాలం తరవాత కొన్ని స్లైడ్ల మీద సాలెగూడులా సన్నటి తీగలు కనిపిస్తున్నాయి. తడిబట్టతో తుడవవచ్చా?
– ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: తుడవకండి, తడి అసలు తగలనివ్వకండి. అది ఫంగస్. ఫిల్ము మీద బొమ్మ ఉండే పూతలోని, అంటే ఎమల్షన్‌లోని, జెలటిన్‌ని తింటుంది. తిన్నచోట జెలటిన్ నీళ్లకి కరిగిపోయేలా అవుతుంది, తడిబట్ట పెడితే బొమ్మ బట్టకే వచ్చేస్తుంది. సోకిన స్లైడ్లని మిగతావాటినుంచి విడదీసి, ముందు ఉన్నదున్నట్టు స్కాన్ చేసి పెట్టుకోండి. శుభ్రం చేయడం తరవాతి మాట, అదీ నీళ్లు లేని ఫిల్ము క్లీనర్‌తో, నున్నగా మెరిసే వైపునుంచి మొదలుపెట్టి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇది పెరుగుతుంది. డబ్బాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడండి. గోడకి ఆనుకున్న బీరువా కింది అర నుంచి ముందు డబ్బాని పైకి మార్చండి.

ప్రశ్న: స్కానర్ కాకుండా డిజిటల్ కెమెరాతో స్లైడ్లని ఫొటో తీసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: మీ దగ్గర చిన్న వస్తువుల్ని బాగా దగ్గరనుంచి తీసే మాక్రో లెన్సు ఇప్పటికే ఉంటే సరిపోవడమే కాదు, కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) ఎక్కువున్న స్లైడ్లకి స్కానర్ కన్నా మెరుగు. స్లైడ్‌లో 3.6 డెన్సిటీ అంటే కెమెరా లెక్కలో 12 స్టాపులు. ఈనాటి మంచి మిర్రర్‌లెస్ కెమెరా కనిష్ఠ ఐఎస్‌ఓలో (సెన్సర్ సున్నితత్వం అన్నిటికన్నా తక్కువ పెట్టినప్పుడు) 13, 14 స్టాపులు పట్టుకుంటుంది. సెన్సర్ చదివింది ఉన్నదున్నట్టు దాచే రా ఫైలులో తీయండి, రెండు స్టాపులు ఎక్కువిచ్చి మరొకటి తీసి ఉంచుకోండి. దుమ్ము తీసే ఐస్ ఇందులో ఉండదు, ఊదుకోవడం మీ చేతుల్లోనే ఉంది. వెలుగుకి సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 పైనున్న ఎల్‌ఈడీ ప్యానెల్ తీసుకోండి. ప్యానెల్ మీద స్లైడ్‌ని ఆనించకండి, రెండు మూడు అంగుళాల ఎత్తులో నిలిపితే ప్యానెల్ మీది దుమ్ము ఫొటోలో కనిపించదు. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, స్లైడ్ చుట్టూ నల్ల కాగితం పెట్టండి. కెమెరా వంగలేదని తేల్చుకోవడానికి స్లైడ్ చోట చిన్న అద్దం ముక్క పెట్టి చూడండి, లెన్సు ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో పడితే కెమెరా నిటారుగా ఉన్నట్టు.